పోతశాల ఇసుక – బోరుబావి నీరు

నీటిపంపు తొడుగు, వీధిలోని మురుగుగుంత మూత, ట్రాక్టరు ఇంజను దిమ్మ - ఇవి అన్నియు ఒకప్పుడు కరిగిన లోహమే. దానికి రూపమిచ్చినది ఇసుక. ఇసుకతో మూస కట్టి, అందులో సుమారు 1400 డిగ్రీల వేడిగల ఇనుమును పోసి, చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి వస్తువును వెలికి తీయుదురు. వస్తువు బజారుకు పోవును. ఇసుక ఎక్కడికి పోవును? నేటి ప్రసంగములో ఈ ప్రశ్ననే విచారింతము.

పొడి ఇసుక తనంత తాను నిలువదు. దానిని పట్టి ఉంచుటకు ఒక బంధకము కావలెను. మన విగ్రహశిల్పులు మైనపు బొమ్మకు బంకమన్ను పూసి, మైనమును కరిగించి, ఆ ఖాళీలో లోహమును పోసెడివారు. ఇనుప పోతశాలలలో బెంటొనైటు అను బంకమన్నును, నీటిని, బొగ్గుపొడిని కలిపిన పచ్చి ఇసుక నేటికిని వాడుకలో ఉన్నది. వస్తువు లోపల బోలుగా ఉండవలసినచోట నిలుపు ఇసుక దిమ్మను కోరు అందురు. దానిని పూర్వము అవిసెనూనె కలిపి కాల్చి చేసెడివారు.

ఇరువదవ శతాబ్ది నడుమ రసాయన బంధకములు వచ్చినవి. జర్మనీలో యోహానెస్ క్రోనింగ్ ఫినాల్, ఫార్మాల్డిహైడుల జిగురు పూసిన ఇసుకతో పలుచని పెంకు మూసలు చేయు పద్ధతిని కనిపెట్టెను. తరువాత ఆమ్లము తగిలినంతనే గట్టిపడు ఫ్యూరాన్ జిగురులు, 1960ల చివర అమైన్ ఆవిరి సోకినంతనే బిగుసుకొను ఫినాలిక్ యురిథేన్ జిగురులు వచ్చినవి. పని వేగమైనది, వస్తువు నునుపుదేరినది. వంద కిలోల ఇసుకకు ఇంచుమించు ఒక కిలో జిగురు చాలును. ఒక కిలోయే కదా అని తోచవచ్చును. కాని పది టన్నుల ఇసుక గుట్టలో అది నూరు కిలోలగును.

కరిగిన ఇనుము తాకినచోట జిగురు కాలిపోవును. కొంచెము దూరమున అది సగము మాత్రమే కాలి, ఫినాల్, బెంజీను, తారువంటి పదార్థములుగా మారి ఇసుకకు అంటుకొనును. మూస వెలుపలి పొరలో వేడి చాలక అది ఉన్నది ఉన్నట్లే మిగులును. ఇంతకంటె ప్రమాదకరమైనది పీపాల వద్ద, కలుపుయంత్రము క్రింద ఏండ్ల తరబడి ఒలికిన పచ్చి జిగురు, ఆమ్లము. ఆమ్లము నేలలోని లోహములను సైతము కరిగించి కదల్చగలదు.

ఫినాల్ మనకు క్రొత్తది కాదు. కార్బాలిక్ ఆమ్లమను పేరుతో మన తాతలకును తెలిసినదే. 1860లలో జోసెఫ్ లిస్టర్ గాయములు చీముపట్టకుండ వాడినది దానినే. గాయమునకు మందైనది త్రాగునీటికి మందు కాదు. అది నీటిలో సులువుగా కరగును. భారతీయ ప్రమాణము ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫినాల్ జాతి పదార్థములు 0.001 మిల్లీగ్రామును మించరాదు. అట్టి నీటిలో క్లోరిన్ కలిపినచో అతిస్వల్ప పరిమాణముననే మందువాసన, వెగటు రుచి పుట్టును. కాచినంతమాత్రమున ఫినాల్ విడిచిపోదు.

ఇక హైదరాబాదునకు ఉత్తరమున ఉన్న మేడ్చల్, శామీర్‌పేటల సంగతి చూతము. ఒకనాటి పల్లెపొలములలో పారిశ్రామికవాడలు వెలసినవి. వాటి చెంతనే ఇండ్ల స్థలములు లేచుచున్నవి. ఇక్కడ పైన పలుచని మట్టి, మొరము. క్రింద నల్లసేనపు రాయి కాదు, పగుళ్లు వారిన గ్రానైటు. వాన నీరు ఆ పగుళ్ల వెంటనే దిగును. బోరుబావి ఆ పగుళ్ల నుండియే నీరు తోడును. కనుక గుట్ట ఒకచోట నున్నను దాని కషాయము మరియొక చోట తేలవచ్చును. నగరమునకు పడమట పటాన్‌చెరు, బొల్లారములలో రసాయన, ఔషధ కర్మాగారముల వ్యర్థములు చెరువులను, బావులను చెరచగా, 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. అక్కడి కారణములు వేరు. పాఠము మాత్రము ఒక్కటే. చెడిన భూగర్భజలము తరము మారినను తేరుకొనుట కష్టము.

అట్లని పోతశాల ఇసుక అంతయు విషమనుట న్యాయము కాదు. ఇనుము, ఉక్కు, అల్యూమినియము పోతల సిలికా ఇసుకను కొన్ని పనులకు నిరపాయముగా వాడవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2014లో తేల్చినది. కంచు, ఇత్తడి పోతల ఇసుకకు ఆ మాట వర్తింపదు. గాలి సోకు నేలలో సూక్ష్మజీవులు కొద్దిపాటి ఫినాల్‌ను తినివేయును కూడ. కావున చేయవలసినది భయపడుట కాదు, వేరుపరచుట. బంకమన్ను ఇసుకను, జిగురు ఇసుకను, ఒలికిన జిగురును ఒకే గుట్టలో పోయరాదు. జిగురు ఇసుకను కప్పు క్రింద, గట్టి గచ్చుమీద ఉంచి, శుద్ధిచేసి మరల వాడవలెను. ప్రమాదకరమని తేలినదానిని చేర్చుటకు దుండిగల్ వద్ద ప్రత్యేక కేంద్రము కలదు. వీలైన పనులకు సోడియం సిలికేటు వాడినచో ఫినాల్ బెడదయే ఉండదు.

కలుషిత స్థలముల నిర్వహణకై 2025లో కేంద్రము నియమములు చేసినది. అనుమానిత స్థలములను గుర్తించుట, పరీక్షించుట, కాలుష్యము చేసినవారిచేతనే శుద్ధి వ్యయము భరింపజేయుట వాటి సారము. కాని గుట్ట చదునై, పైన ఎర్రమట్టి పరచి, హద్దురాళ్లు పాతిన తరువాత స్థలమును గుర్తించు వారెవరు? ఇరుగుపొరుగు జ్ఞాపకమే తొలి సాక్ష్యము.

కనుక ఆ ప్రాంతములలో స్థలము కొనువారు దస్తావేజులతోపాటు పూర్వము అక్కడ ఏ పని జరిగెనో ఊరి పెద్దలను అడుగవలెను. పునాది త్రవ్వునపుడు నల్లని ఇసుక, మాడిన గడ్డలు, మందువాసన కనబడినచో పని ఆపి, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయవలెను. బోరునీటిని పరీక్షింపజేయునపుడు ఫినాల్‌ను పేరుపెట్టి అడుగవలెను. లవణముల మొత్తము చూపు చిన్న మీటరు దానిని పట్టలేదు. పరీక్షకగు ఖర్చు ఒక్కనాటిది. ఆ నీరు త్రాగవలసినది మాత్రము ఇంటిల్లిపాదియు, ప్రతిదినమును.