వెనక కూర్చున్నవారి కోసం

యాభై దాటాక మనలో కొందరు కొత్త మోటార్‌సైకిల్ కొని, భార్యను ఎక్కించుకుని హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్తున్నారు. సంతోషం. ఇంజనీరుగా రెండు మాటలు చెబుతాను.

మొదటి సర్వీసు అయ్యేదాకా ఒంటరిగా నడిపి బండిని చేతికి అలవాటు చేసుకోండి. ఇద్దరెక్కితే బరువు వెనక చక్రం మీద పడుతుంది. ఇద్దరికని మాన్యువల్‌లో చెప్పినంత గాలి పెట్టించండి. వెనక స్ప్రింగు బిగించి, హెడ్‌లైటు కాస్త దించండి. దోమలపెంట దాటి డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో దిగితే బ్రేకులు వేడెక్కవు. రాత్రి 9కి అడవి గేటు మూస్తారని పరుగెత్తకుండా, తెల్లవారుజామునే బయల్దేరండి.

ఆమెకూ మంచి హెల్మెట్ కొనండి. గుంత మనకు కనిపిస్తుంది, ఆమెకు కనిపించదు, ముందే చెప్పండి. ఎక్కడ ఆగాలో ఆమెనే చెప్పనివ్వండి.