వాల్వు మీద మసి

మొన్న కారు సర్వీసింగుకి ఇస్తే, జాబ్‌కార్డు రాసే కుర్రాడు "డీకార్బనైజింగ్ కూడా చేయించేయండి సార్, మైలేజీ పెరుగుతుంది" అన్నాడు. అంటే ఇంజన్లో పట్టిన మసి తీయడమన్నమాట. బండి తిరిగింది 18,000 కిలోమీటర్లే. "మసి చూశావా బాబూ?" అంటే నీళ్లు నమిలాడు.

మసి పట్టడం అబద్ధమేమీ కాదండీ. పాత పద్ధతి ఇంజన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనకవైపు చిమ్ముతుంది, వాల్వుకి ఎప్పటికప్పుడు స్నానం అయిపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండరులోకే పోతుంది. క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిలు ఆవిరి వేడి వాల్వు మీద చేరి, మాడిన పాలగిన్నె అడుగులా నల్లగా గట్టిపడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ వణుకుతుంది, పికప్ తగ్గుతుంది. టయోటా వాళ్లయితే కొన్ని ఇంజన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టారు, దాంతో వాల్వుకీ స్నానం అవుతుంది.

తమాషా ఏమిటంటే, డైరెక్ట్ ఇంజెక్షన్ బండిలో ట్యాంకులో పోసే క్లీనర్ ఈ మసిని తాకనైనా తాకదు. అదీ పెట్రోలు దారినే పోతుంది కదా! ముదిరిన మసికి మానిఫోల్డు విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి రాలగొడతారు.

డీకార్బనైజింగ్ చేయించమని ఎవరైనా అడిగినప్పుడు సన్న కెమెరా పెట్టి వాల్వు చూపించమనండి. మాన్యువల్లో సర్వీసు పట్టిక కూడా తిరగేయండి. నా బండి పాత పద్ధతిదే. అది చెప్పగానే కుర్రాడు జాబ్‌కార్డులో ఆ పద్దు కొట్టేశాడు.