గాయం మానిన తరువాత
(బరంపురం గేట్ బజారు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడిలో తీపితోపాటు చేదును కూడా స్వీకరించే జాతి మనది. కనుక పండుగపూట జబ్బు మాట ఎత్తినందుకు మన్నిస్తారని తలుస్తాను.

మూత్రాశయానికి, మూత్రనాళాలకు వచ్చే క్యాన్సరు, అనగా రాచపుండు, తరచు నొప్పి లేకుండానే మొదలవుతుంది. మూత్రంలో రక్తం కనబడుతుంది. రెండు రోజులకు దానంతటదే ఆగుతుంది. వేడి చేసిందని సబ్జా నీళ్ళు త్రాగి ఊరుకుంటాము. అది మొదటి మోసం. దీనికి ముఖ్య కారణం పొగాకు. చుట్టలోని విషం రక్తంలో కలిసి, మూత్రపిండాలలో వడకట్టబడి, గంటల తరబడి మూత్రాశయంలో నిలుస్తుంది. రంగుల కర్మాగారపు పనివారిలో ఈ జబ్బును 1895లోనే జర్మనీ వైద్యుడు లుడ్విగ్ రేన్ గుర్తించాడు.

రెండవ మోసం ఆపరేషను తరువాతది. తిరగబెట్టే జబ్బు చాలావరకు మొదటి రెండు మూడేండ్లలోనే బయటపడుతుంది. కాని అరుదుగా ఐదేండ్లు దాటిన తరువాత కూడా ఊపిరితిత్తులలోనో, కాలేయంలోనో, ఎముకలలోనో తల ఎత్తుతుంది. కోతకు ముందే రక్తంలోకి జారుకున్న కణాలు కొన్ని నిద్రాణంగా ఉండి ఎన్నడో మేల్కొంటాయి. అప్పుడు వచ్చేది మూత్రబాధే కానక్కరలేదు. తగ్గని నడుమునొప్పి, విడువని దగ్గు కావచ్చు. వాతమని తైలం రాసుకుంటాము.

ప్రవాసులమైన మనకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆపరేషను విశాఖలో, కాపురం బరంపురంలో, కాగితాలు కొడుకు ఉద్యోగం చేసే ఊళ్ళో! పైగా, భయపడతాడని రోగికే జబ్బు పేరు దాస్తాము. పేరు తెలియని మనిషి కొత్త డాక్టరుకు ఏమని చెప్పగలడు?

కనుక మూడు మాటలు. ఆపరేషను కాగితాలు, గడ్డ పరీక్ష ఫలితం ఇంట్లో భద్రపరచండి. ఏ డాక్టరు వద్దకు వెళ్ళినా పాత సంగతి ముందుగా చెప్పండి. బాగున్నామని, చెప్పిన గడువు పరీక్షలు మానకండి. మన ఊళ్ళో 1962లో వెలసిన వైద్య కళాశాల ఉంది; కటకంలో ఆచార్య హరిహర క్యాన్సరు సంస్థ ఉంది.

నిరాశ వద్దు. అదే 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనల ఫలమైన మెథోట్రెక్సేటు, 1980లలో ఈ జబ్బు వ్యాపించినవారికిచ్చే నాలుగు మందుల చికిత్సలో ఒకటైంది. నేడు శరీర రక్షణశక్తినే పురికొల్పే మందులూ వచ్చాయి. అందరికీ నయమవుతుందని అనను. త్వరగా తెలిస్తే చేయగలిగింది ఎక్కువ అంటాను.

మీ అందరికీ నూతన సంవత్సరం ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!