చిట్టెలుక మాయలో ఉమ్మడి కుటుంబం

ప్రొలాక్టిన్ అనగానే తల్లిపాలు గుర్తొస్తాయి. మనుషుల్లో ఈ హార్మోన్‌కు ఉన్నది ఒక్కటే జన్యువు, 6వ క్రోమోజోము మీద. చిట్టెలుకలో మాత్రం అది పిల్లాపాపలతో విస్తరించి, 13వ క్రోమోజోము మీద 20కి పైగా జన్యువుల ఉమ్మడి కుటుంబమైంది.

వీటిలో చాలావాటికి పని మాయలోనే. అదే, కాన్పయ్యాక పడే మాయ. చిట్టెలుక గర్భం దాదాపు 20 రోజులే. మొదట్లో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ పంపి, అండాశయం చేత గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ తయారుచేయిస్తుంది. సగం రోజులు గడిచేసరికి ఆ పెత్తనం మాయ చేతికొస్తుంది. మాయ అంచున ఉండే రాక్షస కణాలు (శాస్త్రవేత్తలు పెట్టిన పేరే, నా కల్పన కాదు) ముందు ఒక ప్లాసెంటల్ లాక్టోజెన్‌ను (ప్రొలాక్టిన్‌లా పనిచేసే మాయ హార్మోన్), ఆపైన రెండోదాన్ని వదులుతాయి. ఈ కుటుంబంలోదే ప్రొలిఫెరిన్ అనేది రక్తనాళాలను పెంచుతుంది. దాని దాయాది ఒకటి వాటికి కళ్లెం వేస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది 2004లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన. ఈ కుటుంబంలోని ఒక జన్యువును తీసేసినా చిట్టెలుకలు మామూలు గాలిలో హాయిగా ఈనాయి. ఆక్సిజన్ తగ్గించి చూస్తే గర్భం నిలవలేదు. కరువు కోసం గాదెలో దాచిన గింజల్లాంటిదన్నమాట ఆ జన్యువు.

మనుషుల మాయ కూడా లాక్టోజెన్ తయారుచేస్తుంది. కానీ దాని పుట్టిల్లు ప్రొలాక్టిన్ కాదు, ఎదుగుదల హార్మోన్ జన్యువు.