ఆకాశం ఎవరి సొత్తు?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పూజకు ముందు మనం సంకల్పం చెప్పుకుంటాం. మన పేరు, గోత్రం చివరకు వస్తాయి. అంతకు ముందు మనం ఏ దేశంలో నిలిచి ఉన్నామో, ఏ తిథి, ఏ వారం, ఏ నక్షత్రమో అర్చకులు పలుకుతారు. సూర్యచంద్రులు ఆకాశంలో ఎక్కడ ఉన్నారో చెప్పిన పిదపనే మనిషి తన ఉనికిని చెప్పుకోవాలన్నది అందులోని మర్యాద. ఆకాశాన్ని ఇంతగా గౌరవించిన సంప్రదాయంలో పుట్టినవారు, ఆ ఆకాశం నేడు వ్యాపారానికి తెరుచుకున్న వేళ ఏమి ఆలోచించాలన్నదే నా ప్రసంగ విషయం.

ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చే భారతదేశపు రాకెట్లు ఎగిరేది మన తెలుగు నేల నుండే. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుండి 1971 అక్టోబరులో చిన్న రోహిణి రాకెట్‌తో ప్రయోగాలు మొదలైనాయి. ప్రయోగానికి ముందు ఇస్రో అధిపతులు రాకెట్ నమూనాను తిరుమల శ్రీవారి పాదాల చెంత ఉంచడం, సూళ్ళూరుపేట చెంగాళమ్మను దర్శించడం అందరికీ తెలిసిన ఆచారమే. గణితాన్ని నూరుసార్లు సరిచూసుకున్న తరువాత కూడా మనిషి చేతిలో లేనిది కొంత మిగులుతుందన్న వినయం అందులో ఉన్నది.

దాదాపు అర్ధశతాబ్దం పాటు అక్కడి నుండి ఎగిరినవన్నీ ప్రభుత్వ రాకెట్లే. 2020లో భారత ప్రభుత్వం అంతరిక్ష రంగ ద్వారాలను ప్రైవేటు సంస్థలకు తెరిచింది. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ తయారుచేసిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుండి నింగికెగసింది. భారతదేశంలో ఒక ప్రైవేటు సంస్థ ప్రయోగించిన మొదటి రాకెట్ అదే. ఎత్తు కేవలం ఆరు మీటర్లు. అది 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి సముద్రంలో పడింది. ఆ యాత్రకు పెట్టిన పేరు ‘ప్రారంభ్’. మరి ఎనిమిది రోజులకే హైదరాబాదుకే చెందిన ధ్రువ స్పేస్ నిర్మించిన రెండు బుల్లి ఉపగ్రహాలు ఇస్రో వారి పీఎస్ఎల్వీ మీద కక్ష్యకు చేరినాయి.

స్కైరూట్ స్థాపకులు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా. ఇద్దరూ ఐఐటీలలో చదివి ఇస్రోలో ఉద్యోగం చేసినవారు. 2018లో ఆ ఉద్యోగాలు వదలి సంస్థను స్థాపించారు. అప్పటికి ప్రైవేటు రాకెట్‌కు అనుమతినిచ్చే ప్రత్యేక వ్యవస్థ కూడా దేశంలో లేదు. ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులను ఒక మాట అడుగుతాను. ఐఐటీ చదువు, ఇస్రో ఉద్యోగం ఉన్న కొడుకు వచ్చి “రాజీనామా చేస్తున్నాను నాన్నా” అంటే మనలో ఎంతమందిమి “శుభం” అనగలం? మనమూ ఒకనాడు ఉన్నది వదలి ఈ మంచుదేశానికి వచ్చినవారమే. ఆ సాహసం మన తరంతోనే ముగిసిపోవాలని పిల్లలకు చెప్పడం న్యాయం కాదు.

విదేశాలలో పెరిగిన మన పిల్లలూ ఈ దారిలో ఉన్నారు. గుంటూరు ప్రాంతంలో పుట్టి టెక్సాస్‌లో పెరిగిన బండ్ల శిరీష కంటిచూపు కారణంగా వ్యోమగామి కావాలన్న బాటను వదులుకోవలసివచ్చింది. ఆమె ఇంజనీరింగు చదివి వర్జిన్ గెలాక్టిక్ సంస్థలో చేరి, 2021 జులై 11న ఆ సంస్థ నౌకలోనే సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళివచ్చింది. భారరహిత స్థితి లభించిన ఆ కొద్ది నిమిషాలలో మొక్కలపై ఒక విశ్వవిద్యాలయం వారి ప్రయోగాన్ని నిర్వహించింది. హైదరాబాదు నుండి అమెరికాకు వలసవచ్చిన తండ్రికి పుట్టిన రాజా చారి, అదే ఏడాది నవంబరులో స్పేస్ ఎక్స్ వారి నౌకకు కమాండరుగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి దాదాపు ఆరు నెలలు ఉన్నారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో ప్రయాణించారు.

ఈ మూడు యాత్రలూ ఒకటి కావని పిల్లలు గ్రహించాలి. బంతిని పైకి విసిరితే క్రిందికి వచ్చినట్లు, శిరీష, గోపీచంద్ ఎక్కిన నౌకలు అంచు దాకా వెళ్ళి నిమిషాలలో దిగివచ్చేవి. కక్ష్యలో నిలవాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. కష్టమంతా ఎత్తులో కన్న ఆ వేగంలోనే ఉన్నది. ప్రమాదం మాత్రం రెండింటా ఉన్నది. వర్జిన్ గెలాక్టిక్ వారి తొలి నౌక 2014 అక్టోబరు 31న పరీక్షా ప్రయాణంలో ముక్కలై సహపైలట్ మరణించాడు. 2003లో కొలంబియాతో పాటు కల్పనా చావ్లాను పోగొట్టుకున్న దుఃఖం మనకు తెలియనిది కాదు.

ఇక మనం నివసించే ఈ కెనడా సంగతి. 1962లో అలుయెట్-1తో సొంత ఉపగ్రహాన్ని రూపొందించి నిర్మించుకున్న మూడవ దేశం ఇది. 1981లో అమెరికా షటిల్‌కు కెనడార్మ్ అనే యాంత్రిక హస్తాన్ని అందించింది. 2022 ఏప్రిల్‌లో మాంట్రియాల్ వ్యాపారి మార్క్ పాథీ సొంత వ్యయంతో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారు. నోవా స్కోషియాలో కాన్సో వద్ద ప్రైవేటు ప్రయోగ కేంద్రం వెలుస్తున్నది. 2023 జులైలో అక్కడి నుండి మొదటిసారి ఎగిరినది యార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థుల రాకెట్. ఆ విద్యార్థుల వయసువారే ఈ సభలో ముందు వరుసలలో ఉన్నారు.

కెనడా మనకు మరొక పాఠం కూడా చెబుతున్నది. 1978 జనవరి 24న కాస్మోస్-954 అనే సోవియట్ ఉపగ్రహం అణు రియాక్టరుతో సహా ఉత్తర ప్రాంతాలపై చెదరిపడింది. ఆ మంచులో రేడియోధార్మిక శకలాలను వెదకి ఏరడానికి నెలలు పట్టింది. కెనడా ఆరు మిలియన్ డాలర్లకు పైగా పరిహారం కోరగా, 1981లో సోవియట్ ప్రభుత్వం మూడు మిలియన్లు చెల్లించింది. అంతరిక్షం నుండి పడిన వస్తువు వలన కలిగిన నష్టానికి, దానిని పంపిన దేశమే బాధ్యత వహించాలని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతున్నది. ప్రైవేటు సంస్థ చేసే పనికైనా ఆ దేశ ప్రభుత్వమే జవాబుదారి అని 1967 నాటి ఒప్పందం అంతకు ముందే నిర్ణయించింది.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. 2024 వసంతంలో సస్కాచెవాన్‌లోని ఇట్యూనా సమీపాన ఒక రైతు తన పొలంలో కాలిపోయిన పెద్ద ఫలకాన్ని కనుగొన్నాడు. అది ఒక ప్రైవేటు వ్యోమయాత్రలో వాడిన డ్రాగన్ నౌక వెనుకభాగపు శకలమని ఖగోళ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ భాగం వాతావరణంలోనే పూర్తిగా కాలిపోతుందని భావించి విడిచినది. అదృష్టవశాత్తు ఎవరికీ హాని కలుగలేదు.

మన వివాహాలలో బంతి భోజనం ముగిసిన తరువాత విస్తళ్ళు ఎవరు ఎత్తాలన్న ప్రశ్న వస్తుంది. వడ్డించేటప్పుడు ఉన్న ఉత్సాహం ఎత్తేటప్పుడు ఉండదు. నేడు భూమి చుట్టూ జరుగుతున్నది అటువంటి పెద్ద విందు. పది సెంటీమీటర్లకు మించిన వస్తువులు ముప్పై వేలకు పైగా కక్ష్యలలో తిరుగుతున్నాయి. వాటిలో పనిచేయని ఉపగ్రహాలు, పగిలిన ముక్కలు ఎన్నో. ఒక్కొక్క ముక్క తుపాకీ గుండును మించిన వేగంతో పోతున్నది. ఒకటి మరొకదానిని ఢీకొంటే పుట్టే ముక్కలు మరికొన్నింటిని ఢీకొంటాయి.

అట్లని ఈ విందే వద్దనే పక్షం నాది కాదు. స్పేస్ ఎక్స్ 2015 డిసెంబరులో రాకెట్ తొలి దశను క్షేమంగా నేలకు దించింది, 2017లో అటువంటి దశనే మళ్ళీ వాడింది. ప్రయోగ వ్యయం అందుకే తగ్గింది. కార్చిచ్చులు ఎటు వ్యాపిస్తున్నవో కెనడా తెలుసుకుంటున్నది ఉపగ్రహాల కంటితోనే. బంగాళాఖాతంలో పుట్టే తుపాను జాడ ముందుగా తెలిసి మన తీరాలలో వేలమంది ప్రాణాలు దక్కుతున్నదీ వాటి వలననే. ఉత్తరాన రోడ్డు లేని ఊళ్ళకు ఇంటర్నెట్ చేరుతున్నదీ అందువలననే.

దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మన పెద్దలు మూడు ఋణాలు చెప్పారు. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలన్నది వాటి సారం. ఆకాశాన్ని వాడుకున్నవారు దానిని శుభ్రంగా తరువాతి తరానికి అప్పగించడం కూడా ఋణం తీర్చుకోవడమే. యువతీయువకులారా, మీలో కొందరు రాకెట్లు నిర్మిస్తారు, కొందరు చట్టాలు చదువుతారు, కొందరు వ్యాపారాలు నడుపుతారు. ఆ సమావేశాలలో “పని ముగిసిన తరువాత దీనిని ఎవరు తొలగిస్తారు? ఖర్చు ఎవరిది?” అని అడిగేవారు ఒకరైనా ఉండాలి. ఆ అడిగేవారు మన ఇంటి బిడ్డలు కావాలని నా కోరిక.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు కారు దగ్గర ఒక్క నిమిషం ఆగి తల ఎత్తి చూడండి. కదలకుండా వెలిగేవి నక్షత్రాలు, మన తాతలు చూసినవి. నెమ్మదిగా కదిలిపోయే చుక్కలు ఉపగ్రహాలు, మనుషులు చేసినవి. మీ మనుమలకు కూడా ఆ రెండూ కనబడేలా చూడవలసిన బాధ్యత మీది.

అందరికీ ఆ భగవంతుని ఆశీస్సులు లభించుగాక. స్వస్తి.