కుదురులేని పిల్లలు: బడి చేయగల సాయం



"మా వాడికి ఒక్కచోట కాలు నిలవదండీ!" "ముల్లుమీద కూచున్నట్లే ఉంటాడు." "పుస్తకం ముందుంటుంది, మనసెక్కడో ఉంటుంది." ఈ మాటలు అనని తల్లి, వినని టీచరు ఉండరు. పిల్లలన్నాక అల్లరి చేస్తారు. చేయకపోతేనే మనకు బెంగ. కాని కొందరిలో ఈ కుదురులేనితనం బుజ్జగించినా తగ్గదు, కొట్టినా తగ్గదు. అలాంటి పిల్లల గురించి, వాళ్ళకు బడి ఏం చేయగలదన్నదాని గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

అష్టావధానం మీరు చూసే ఉంటారు. పృచ్ఛకులు ఎనిమిది వైపులనుంచి లాగుతున్నా అవధాని మనసు చెదరదు. మనమంతటి వాళ్ళం కాకపోయినా, పప్పు పొయ్యిమీద ఉండగా ఎవరో తలుపు తడితే, వాళ్ళతో మాట్లాడి మళ్ళీ పప్పు దగ్గరకు రాగలం. మనసుకుండే ఆ పగ్గం కొందరు పిల్లలకు చిన్నప్పటినుంచే వదులుగా ఉంటుంది. తెలివితక్కువై కాదు, పొగరుబట్టీ కాదు. దీన్నే డాక్టర్లు ఏ.డి.హెచ్.డి. అంటారు. మన మాటల్లో చెప్పాలంటే అవధాన లోపం, అతి చలనం. ఇది నిన్నమొన్న పుట్టిన జబ్బు కాదు. 1902లోనే లండనులో జార్జి స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇటువంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చారు. ప్రపంచంలో నూటికి సుమారు 5గురు పిల్లలకు ఉంటుందని అంచనా. ఎక్కువగా వంశంలో దిగివచ్చేదే కాని, తల్లి గారాబంవల్ల వచ్చేది కాదు. "నీ పెంపకమే అలా ఉంది" అని ఎవరన్నా ఆ మాట మనసులో పెట్టుకోకండి.

అయితే అల్లరిచేసే ప్రతివాడికీ ఈ పేరు తగిలించకూడదు. 12 ఏళ్ళలోపే మొదలై, 6 నెలలకు తగ్గకుండా ఉండి, ఇంట్లోనూ బడిలోనూ కనిపించి, చదువుకూ స్నేహాలకూ అడ్డమైతేనే డాక్టర్లు ఆ మాట అంటారు.

గాండ్లపెంట వైపు చూడండి. కదిరి ప్రాంతంలోని మండలం. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిన ఏడు, ఆ చుట్టుపక్కల కుటుంబాలు కొన్ని బెంగుళూరుకో కేరళకో పనులు వెతుక్కుంటూ పోతాయి. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. అలా మిగిలిన పిల్లవాడు క్లాసులో కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూ కూచుంటే అది అవధాన లోపమా, అమ్మమీద బెంగా? రెండింటికీ మందు ఒకటి కాదు కదా! చూపు ఆనని పిల్ల, చెవి సరిగా వినబడని పిల్ల, రక్తం తక్కువై నీరసించిన పిల్ల, రాత్రి చాలీచాలని నిద్రపోయిన పిల్ల కూడా పాఠంమీద మనసు నిలపలేరు. అందుకే ముందు కళ్ళు, చెవులు, రక్తం పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో వెతకవలసిన లోపాల జాబితాలో ఈ అవధాన లోపం కూడా ఉంది. బడికి డాక్టర్లు వచ్చిన రోజున పిల్లవాణ్ణి మానిపించకండి.

ఇక బడి సంగతి. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పిల్లవాణ్ణి కిటికీ పక్కనుంచి లేపి, టీచరుకు దగ్గరగా మొదటి బెంచీలో కూచోబెట్టాలి. నాలుగు పనులు ఒక్కసారి చెప్పక ఒకటి చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పాలి. పది లెక్కలు ఇచ్చేచోట అయిదు ఇచ్చి, చూసి, తక్కిన అయిదు ఇవ్వాలి. మధ్యలో లేచి తిరిగే అవకాశం పనిలోనే కల్పించాలి: నోటుబుక్కులు పంచడం, బోర్డు తుడవడం. తప్పు చేసినప్పుడు పదిమందిలో అరవకుండా, ఒప్పు చేసినప్పుడు అప్పటికప్పుడే మెచ్చుకోవాలి. రోజూ ఒక చిన్న కార్డుమీద "కూచున్నాడు, పని ముగించాడు, చెయ్యి చేసుకోలేదు" అని మూడు గీతలు గీసి, గుర్తుపెట్టి ఇంటికి పంపితే, సాయంత్రం తల్లి ఆ కార్డు చూసి ఓ కథ చెప్పడమో, ఓ అరగంట ఆటకు ఎక్కువ పంపడమో చేయవచ్చు. ఇంటికీ బడికీ ఒకే మాట అన్నమాట!

"నలభైమంది ఉన్న క్లాసులో ఒక్కడికోసం ఇంత ఎలాగండీ?" అంటారు టీచర్లు. వారి కష్టమూ నిజమే. కాని రోజూ వాణ్ణి నిలబెట్టి తిట్టడానికీ టైము పడుతూనే ఉంది కదా. పైగా పని చిన్నచిన్న ముక్కలుగా ఇవ్వడం, వెంటనే మెచ్చుకోవడం తక్కిన వాళ్ళకూ మేలే.

మొక్కై వంగనిది మానై వంగునా అని బెత్తం తీస్తారు కొందరు. మొక్కను వంచేవాడు పక్కన కర్రపాతి మెల్లగా కడతాడే కాని, ఆ కర్రతో కొట్టడు. రోజూ దెబ్బలు తిన్నవాడు "నేను చెడ్డవాణ్ణే" అని నమ్మి, ఎదురు తిరగడం, అబద్ధమాడడం, బడి ఎగ్గొట్టడం నేర్చుకుంటాడు. అసలు లోపం కన్నా అదే ఎక్కువ ప్రమాదం. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. ఎనిమిదో తరగతి ముగిసేదాకా బడినుంచి వెళ్ళగొట్టరాదనీ చెప్పింది. "మీ వాడికి టీసీ ఇచ్చేస్తాం, తీసుకుపొండి" అన్నప్పుడు తలొంచుకుని రావద్దు. "వాడికి ఏం చేద్దాం, చెప్పండి" అని మర్యాదగానే, గట్టిగా అడగండి.

ఆడపిల్లల సంగతి ఇంకొకటి. వాళ్ళు గంతులు వేయరు, మౌనంగా పరధ్యానంలో ఉంటారు. "నెమ్మదస్తురాలు" అని వదిలేస్తాం. మార్కులు పడిపోయాక "దీనికి చదువు అబ్బదు, పెళ్ళి చేసేద్దాం" అంటారు. నోరు మెదపని పిల్లను కూడా గమనించండి.

సాయం ఎక్కడ దొరుకుతుందంటారా? సర్కారు బడుల పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు, ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉన్నారు. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఇంటినుంచే డబ్బులేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కదిరి, హిందూపురం వాళ్ళకు బెంగుళూరు నిమ్‌హాన్స్ ఎంతో దూరం కాదు. అక్కడ పిల్లల మానసిక వైద్య విభాగం ప్రత్యేకంగా ఉంది. మందు కావాలో అక్కర్లేదో డాక్టరే చెప్పాలి. ఆరేళ్ళలోపు పిల్లలకయితే సాధారణంగా ముందు తల్లిదండ్రులకే మెళకువలు నేర్పుతారు.

ఈసారి బడికి వెళ్ళినప్పుడు మార్కులు అడిగే ముందు, "మా వాడు ఏ పిరియడులో కుదురుగా ఉంటున్నాడండీ?" అని అడిగి చూడండి. ఆ ఒక్క పిరియడులో ఆ టీచరు ఏం చేస్తున్నారో తెలిస్తే, తక్కిన పిరియడ్లకు దారి అక్కడే దొరకవచ్చు.