విధికుడి రాయి చదవాలంటే యూనివర్సిటీ గడప తొక్కాలి

(అంబేద్కర్ జయంతి సభలో ఉపాధ్యాయ మిత్రుల తరఫున చేసిన ప్రసంగం)



ఇందాకటి నుంచి బుద్ధుడి గురించి విన్నారు. మేం ఒక తోలుపనివాడి గురించి చెప్తాం. ఆయన పేరు విధికుడు. అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలక దానమిచ్చాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరితో కలిసి ఇచ్చానని బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో రాయించాడు. తన పని దాచుకోలేదు, 'చమ్మకార' అని చెక్కించాడు. తండ్రి నాగుడు 'ఉపఝాయ' అని కూడా ఉంది, అంటే ఉపాధ్యాయుడు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి సంగతి.

మాలో ఇద్దరి తండ్రులు లందలో తోళ్ళు నానేసినవాళ్ళు. వాళ్ళ కొడుకులం టీచర్లమయ్యాం. అక్కడేమో టీచరు కొడుకు తోలుపనివాడు! ఇదెట్లా కుదిరింది? ఆ రోజుల్లో ఆ పనికి అంటు లేదా? ఉపఝాయుడంటే పిల్లలకు చదువు చెప్పేవాడా, భిక్షువులకు గురువా? విధికుడు మనోడే అని డప్పు కొట్టి చెప్పాలని మాకూ ఉంది. కానీ ఒక్క రాయి చూసి అప్పటి కులం లెక్క తేల్చలేం. అది తేల్చాలంటే చదవాలి. ఎవరు చదువుతారు?

మేం బి.ఏ.లో హిస్టరీ చదివినోళ్ళమే. అమరావతి శిల్పకళ మీద ప్రశ్న వచ్చేది, రాజుల పేర్లు అప్పజెప్పేవాళ్ళం. రాయి ఇచ్చినవాడి పేరు ఏ నోట్సులోనూ లేదు. ఉద్యోగాలొచ్చాక ఒక యూనివర్సిటీ లైబ్రరీకి పోయాం. పేరు చెప్పం, ఇప్పుడు దానితో పనిలేదు. కౌంటర్లో ఆయన మమ్మల్ని కిందికీ పైకీ చూసి, "ఏ డిపార్ట్‌మెంటు? బడిపంతుళ్ళకి ఇవన్నీ ఎందుకండీ?" అన్నాడు. తిరిగొచ్చాం. బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. రెండోసారి హెడ్మాస్టరు చేత ఉత్తరం రాయించుకొని, పుస్తకం పేరు, సంపుటం నంబరు కాగితం మీద రాసుకొని పోయాం. ఈసారి బల్ల చూపించారు. ఏం చదవాలో తెలిసి పోతే సగం భయం పోద్ది.

ఆ కాగితం మీద ఉన్నది 'ఎపిగ్రాఫియా ఇండికా' పదో సంపుటం. దాని అనుబంధంగా లూడర్స్ అనే జర్మన్ పండితుడు చేసిన బ్రాహ్మీ శాసనాల జాబితా 1912లో వచ్చింది. విధికుడి సంగతి ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో ఉంది, అంతే. ఇరవయ్యో సంపుటంలో నాగార్జునకొండ శాసనాలున్నాయి. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన బోధిసిరి అనే ఉపాసిక అక్కడ కనబడుతుంది. ఈ సంపుటాలు ఇప్పుడు స్కాన్ చేసి ఇంటర్నెట్లో ఊరికే పెట్టారు. మేం బస్సెక్కి పోయి చూసింది మీ పిల్లలు సెల్‌ఫోన్లో చూడొచ్చు.

అయితే చూట్టం వేరు, చదవటం వేరు. ఇగత్‌పురిలోని విపశ్యనా పరిశోధనా సంస్థ వాళ్ళు పాలీ త్రిపిటకాన్ని తెలుగు లిపిలో కూడా ఇంటర్నెట్లో ఉంచారు. అక్షరాలు మనవే, అర్థం మాత్రం తెలీదు. పాలీ నేర్చుకోవాల్సిందే. బాబాసాహెబ్ అన్ని పనుల మధ్య కూర్చొని పాలీ వ్యాకరణం, నిఘంటువు తయారు చేసుకున్నాడు. మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆయన రచనల 16వ సంపుటంగా 1998లో అచ్చేసింది. ఆయనకి తీరిక దొరికింది, మనకి దొరకదంటే ఎవరు నమ్ముతారు?

నేర్పే చోట్లూ ఉన్నాయి. గుంటూరు, విజయవాడల మధ్య 1976లో పెట్టిన నాగార్జున యూనివర్సిటీలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. పక్క ఊళ్ళవాళ్ళకే తెలీదు! ఢిల్లీ యూనివర్సిటీలో బౌద్ధ అధ్యయన శాఖ 1957 నుంచి ఉంది. పూణే యూనివర్సిటీలో పాలీ శాఖ, బీహార్లో 1951లో మొదలైన నవ నలందా మహావిహార ఉన్నాయి. ఏ డిగ్రీ కావాలి, ఫీజెంత అనేది ఆ ఏటి నోటిఫికేషన్లో చూసుకోవాలి. యూజీసీ నెట్ పరీక్షలో పాలీ ఒక సబ్జెక్టు, బౌద్ధం ఉన్న సబ్జెక్టు ఇంకొకటి. ముందు ఎవరేం రాశారో చూసుకోవాలంటే 'శోధ్‌గంగ'లో మన దేశపు యూనివర్సిటీల పరిశోధనా గ్రంథాలు డబ్బులు కట్టకుండా చదవొచ్చు.

పోయిన మీటింగులో ఒక అక్క అడిగింది, "మా పిల్ల బౌద్ధం చదివితే రిజర్వేషన్ పోదా సార్?" అని. పోదమ్మా. చదువుకి, మతానికి సంబంధం లేదు. మతం తీసుకున్నా బౌద్ధులైన ఎస్సీలకు ఎస్సీ హోదా ఉంటుందని 1990లో చట్టం మార్చారు. ఉద్యోగం వస్తుందా అని కూడా అడిగింది. దానికి మా దగ్గర గట్టి జవాబు లేదు. ఈ సబ్జెక్టులో పోస్టులు తక్కువ. అబద్ధం చెప్పి పిల్లల్ని పంపలేం. ఒక ఇంట్లో ఇద్దరు చదువుతుంటే ఒకరు ఇటు రావాలని మాత్రం అడుగుతున్నాం.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజముద్ర నడుమ అమరావతి పూర్ణఘటం ఉంది. ప్రతి సర్కారు కాగితం మీదా ఆ కుండ బొమ్మ వస్తుంది. అట్లాంటి కుండ చెక్కిన పలకని చమ్మకారుడొకాయన ఇచ్చాడని ఆ కాగితం పట్టుకొచ్చే ఆఫీసర్ని అడిగి చూడండి.

విధికుడి శాసనం కాపీలు పది తెచ్చాం. డిగ్రీ పూర్తయిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సభ అయ్యాక మైకు దగ్గరికి రండి. లైబ్రరీకి ఉత్తరం ఎట్లా రాయాలో అక్కడే కూర్చొని రాసిస్తాం.